లంకలో ఏకోపాధ్యాయ బడి: చేరాలా, వద్దా?

మీరడిగింది ఇది. మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా ఎంపికయ్యారు. మీది జగ్గంపేట వైపు మెట్ట ఊరు. పోస్టింగ్ మాత్రం కోనసీమలో గోదావరి మధ్యనున్న ఒక లంక గ్రామానికి వచ్చింది. ఏకోపాధ్యాయ పాఠశాల, ఇరవై ముగ్గురు పిల్లలు, ఐదు తరగతులు. పడవ దాటితే తప్ప బడికి చేరలేరు. మీకు ఈత రాదు, నీళ్లంటే భయం. చేరాలా, ఎవరినైనా పట్టుకుని డిప్యుటేషన్ మీద బయటపడాలా, చేరినా అయిదు తరగతులకీ ఒక్కరే చదువు చెప్పగలరా అని మీ సందేహం.

చేరండమ్మా. చెప్పగలరు.

నా సర్వీసులో పదమూడేళ్లు లంక బడుల్లోనే గడిచాయి. గోదావరి వశిష్ఠ పాయలో ఆరేళ్లు, తర్వాత గౌతమి పాయ వైపు ఏడేళ్లు. ఆ అనుభవంతో ఒక మాట ముందే చెప్పేస్తాను: లంక బడికి అసలు కష్టం పడవ కాదు, చేజారిపోయే రోజులు. వరదకి కొన్ని, రేవులో ఆలస్యానికి కొన్ని, టీచరు సెలవుకి కొన్ని, పొలం పనులకి కొన్ని. ఒక్కొక్కటీ చిన్నదే. ఏడాది చివర లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. మీ ఏడాదిని క్యాలెండర్ చూసి కాకుండా గోదావరిని చూసి వేసుకుంటే ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చొచ్చు. లేదంటే ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి వాచకం చదవలేని పిల్లలు తయారవుతారు. అలాంటి పిల్లలు నా చేతుల్లోనూ ఉన్నారు, మొదటి రెండేళ్లలో.

ముందు పడవ సంగతి చెబుతాను. అది తేలకపోతే మిగతాది మీ తలకెక్కదు.

మీ భయం తప్పు కాదు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటుపడవ ఒకటి, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. పడవలో బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలున్నారు. కొందరు తిరిగి రాలేదు. అప్పుడు నేను గౌతమిలోనే ఇంకో లంకలో ఉన్నాను. సోమవారం బడికి సగం మంది కూడా రాలేదు. వచ్చినవాళ్లూ పాఠం వినే స్థితిలో లేరు. ఆ వారమంతా పడవ ఎలా ఎక్కాలి, ఎక్కడ కూర్చోవాలి, పడవ ఊగితే లేచి నిలబడితే ఏమవుతుంది అన్నవే మాట్లాడుకున్నాం.

అప్పటినుంచి నేను పెట్టుకున్న నియమాలు కొన్నే. లైఫ్ జాకెట్ సొంతంగా కొనుక్కోండి. పడవలో ఇచ్చేది ఉంటుందిలే అనుకోవద్దు. జాకెట్ వేసుకుంటే సరిపోదు, తాళ్లు బిగించి కట్టాలి. మోటారు సైకిళ్లు, మనుషులు కలిపి కిక్కిరిసిన పడవ ఎక్కకండి, తర్వాతిది పావుగంట ఆలస్యమైనా సరే. పడవ నడిపే సరంగు వద్దన్న రోజు బతిమాలొద్దు. ఏటిని అతనంత బాగా మనం చదవలేం. అన్నిటికంటే ముఖ్యమైనది: తొమ్మిదింటికి హాజరు పడాలన్న టెన్షన్‌తో ఏ పడవా ఎక్కకండి. నేను చూసిన ప్రమాదకరమైన దాటింపులన్నీ ఆ తొందరలో జరిగినవే.

వరద లెక్క కూడా నేర్చుకోండి. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. పైన పెరిగిన నీరు మన రేవుకు వచ్చేలోగా కొంత సమయం దొరుకుతుంది. అందుకే నేను జులై, ఆగస్టుల్లో రోజూ రాత్రి భద్రాచలం మట్టం చూసి పడుకునేవాణ్ణి. అది ఎక్కుతుంటే మర్నాడు లంకలో ఉండాలా, గట్టు మీద ఉండాలా అన్నది అప్పుడే తేల్చుకునేవాణ్ణి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక పడ్డాక మామూలు రోజులా పడవెక్కి బడికి వెళ్లడం మానేశాను. పిల్లల్నీ రేవు దాటనిచ్చేవాణ్ణి కాదు.

ఇక అసలు విషయం, రోజులు.

బడి జూన్ 12న తెరుస్తారు. మొదటి వారం చేరికలు, రెండో వారం పుస్తకాలు, బ్యాగులు. పిల్లలు బెంచీకి అలవాటు పడేసరికి జులై. అప్పటికి ఎర్రనీళ్లొచ్చేస్తాయి. మెట్టవాళ్లు కాబట్టి చెబుతున్నాను, వేసవంతా తేటగా ఉన్న గోదావరి ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. ఊరంతా పులసల కబుర్లు మొదలవుతాయి. మనకి మాత్రం అది ఇంకో కబురు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు చూడండి, వేసవిలో ఏటికి అడ్డంగా వేసుకున్న తాత్కాలిక బాట మొదటి వరదకే కొట్టుకుపోతుంది, ఇక నెలల తరబడి పడవే గతి. చాకలిపాలెం, కనకాయలంకల మధ్య కాజ్‌వే కూడా అంతే, నీరు కాస్త పెరిగితే కనిపించదు. అంటే ఒకటో తరగతి పిల్లవాడికి అక్షరాలు కుదురుకోవాల్సిన మూడు నెలలే మన దగ్గర అతుకుల బొంత.

విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకి 200 పని దినాలు ఉండాలంటుంది. రిజిస్టరులో 200 రాసుకోవచ్చు. పిల్లవాడి చెవిలో పడ్డ పాఠాలు ఎన్ని అన్నది మీరు వేరే నోట్‌బుక్‌లో రాసుకోండి. నేను రాశాను. ఎవరికీ చూపించడానికి కాదు. ఎవరికి ఏది తప్పిపోయిందో తెలియకపోతే ఏది మళ్లీ చెప్పాలో తెలియదు.

ఆ నోట్‌బుక్ చూశాకే రెండు మార్పులు చేశాను. మొదటిది, జూన్‌లో పాఠ్యపుస్తకం ముట్టుకోవడం మానేశాను. ఆ మూడు వారాలూ చదవడం, రాయడం, కూడికలు మాత్రమే. రెండోది వరద సంచి. ప్రతి పిల్లవాడికీ ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి. అందులో వాడి స్థాయికి తగ్గట్టు నేను చేత్తో రాసిన ఇరవై ముప్పై కాగితాలు, పలక, బలపాలు, ఒక చిన్న కథల పుస్తకం. జూన్ ఆఖరికి సంచి ఇంటి చూరుకి వేలాడాలి. వరదకి బడి మూతపడిన రోజున అది దింపుతారు. అందరూ చేయరు. సగం మంది చేసినా, బడి తెరిచిన రోజు మనం సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు కిందకి వచ్చింది. మా లంక మొత్తం ఖాళీ చేసి గట్టు మీది హైస్కూలులో పెట్టిన పునరావాస కేంద్రానికి వచ్చాం. కొందరు పిల్లలు బట్టలతో పాటు ఆ సంచి కూడా తెచ్చుకున్నారు. వాటితోనే వరండాలో బడి నడిపాను. నాలుగో తరగతి పాప ఒకతి, వాళ్ల నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని గట్టిగా కథ చదువుతుంటే చుట్టూ పదిమంది పెద్దవాళ్లు చేరారు. అందులో చాలామందికి చదువు రాదు. మేష్టారూ, ఇంకోటుంటే ఇవ్వండి అని అడిగారు. శిబిరంలో ఏం చదువు అనుకోకండి. పిల్లలకి కూడా ఆ రోజుల్లో పట్టుకోవడానికి ఒక పని కావాలి.

వరదని పాఠంగా కూడా వాడుకోవచ్చు. రేవులో ఒక గెడ పాతించి, పది సెంటీమీటర్లకి ఒక గీత చొప్పున తెల్ల రంగు వేయించాను. రోజూ ఇద్దరు పెద్ద పిల్లలు, మాతో పాటు ఒక పెద్దమనిషి తోడుగా, ఒడ్డు నుంచే చూసి మట్టం రాసేవాళ్లు. తీసివేత అంటే ఏడ్చే కుర్రాడొకడు ఉండేవాడు. నిన్న నూట నలభై, ఇవాళ నూట పద్దెనిమిది, ఎంత లాగిందిరా అంటే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేశాడు. అదే లెక్క నల్లబల్ల మీద వేస్తే రాదన్నాడు. ఇది కూడా అదేరా అని చూపించడానికి నాకు రెండు రోజులు పట్టింది. సెప్టెంబరుకి ఆ మట్టాలతో గోడ మీద కమ్మీల చిత్రం గీశారు. తనిఖీకి వచ్చిన అధికారి పాఠ్యప్రణాళిక అడగడం మర్చిపోయి దాన్నే చూస్తూ నిలబడ్డారు.

అయిదు తరగతుల సంగతి.

అయిదు తరగతులుగా చూడకండి, మూడు చాపలుగా చూడండి. మొదటి వారంలో ఇరవై ముగ్గురినీ ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. కంఠతా పట్టిన పాఠానికి మోసపోవద్దు. మూడో తరగతి పిల్లవాడొకడు నా ఎదురుగా పాఠం మొత్తం గడగడా చదివాడు. మధ్యలో ఒక మాట మీద బొటనవేలు పెట్టి, ఇటుపక్క మాట ఏమిటి అంటే నోరు మెదపలేదు. వాడికి ఒక్క అక్షరం తెలియదు, పాఠమంతా నోటికొచ్చు. మూడేళ్లూ వాణ్ణి ఎవరూ విడిగా చదివించలేదు, అంతే.

అక్షరాలు రానివాళ్లు ఒక చాప. మాటలు కూడబలుక్కునేవాళ్లు ఒక చాప. ధారాళంగా చదివేవాళ్లు ఇంకొకటి. ఏ తరగతి వాళ్లన్నది ఆ గంటలో పట్టించుకోకండి. మీరు మొదటి చాప మీద కూర్చుంటే మూడోది సొంతంగా పని చేస్తుంటుంది, మధ్య చాపకి మూడో చాప నుంచి ఒకరు సాయం. లెక్కలకీ ఇలాగే. పరిసరాల విజ్ఞానం, కథ, పాట అందరికీ కలిపి ఒకటే. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి మాత్రం రోజులో కనీసం గంటన్నర మీ సమయం విడిగా పోవాలి. ఆ వయసులో మనిషి ఎదురుగా ఉండాలి, కార్డు సరిపోదు.

కార్డులంటే గుర్తొచ్చింది. ఏకోపాధ్యాయ బడికి మన రాష్ట్రంలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థలో, ఎన్నో ఏళ్ల క్రితమే మంచి పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకి ఒక కార్డు పెడతారు. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. పిల్లవాడు తానెక్కడున్నాడో చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటాడు. కర్ణాటక సర్కారు బడుల్లోని నలి కలి (ఆడుతూ నేర్చుకోవడం) పద్ధతికీ, తమిళనాడు కార్యాచరణ పద్ధతికీ స్ఫూర్తి అదే. లంక బడికి ఇది చేసే పెద్ద మేలు ఏమిటంటే, పదిరోజులు రాని పిల్లవాడు వెనకబడ్డట్టు కాదు, వదిలిన మెట్టు దగ్గర నుంచే ఎక్కుతాడు. అన్ని కార్డులూ తయారు చేసుకునే ఓపిక మీకు మొదటి ఏడాది ఉండదు. తెలుగు చదవడానికి ఒక నలభై, లెక్కలకి ఒక నలభై చాలు. అట్టముక్కల మీద రాసి పారదర్శక టేపు అతికించండి, లేకపోతే మొదటి వానకే తడిసిపోతాయి.

రోజూ తిరగాలా, అక్కడే ఉండాలా అని అడిగారు. లంకలో మరుగుదొడ్డి ఉన్న గది, తోడుగా ఒక కుటుంబం దొరికితే జులై నుంచి సెప్టెంబరు దాకా వారంలో నాలుగు రాత్రులు అక్కడ ఉండటం మంచిది. దొరక్కపోతే గట్టు మీద, రేవుకి దగ్గర్లో ఇల్లు తీసుకోండి. జగ్గంపేట నుంచి రోజూ మాత్రం వద్దు. బస్సు, ఆటో, పడవ, నడక కలిపి మీ ఒంట్లో ఓపిక బడికి చేరేలోపే అయిపోతుంది. ఇంకో సంగతి. లంకవాళ్లు టీచరుని పడవ టైముతో కొలుస్తారు. పదిన్నరకి దిగి, మూడింటికల్లా రేవులో కనిపించే టీచర్లని వాళ్లు చాలామందిని చూశారు. నోటితో ఏమీ అనరు. పిల్లల్ని పనికి తీసుకుపోతారు. నేను వరుసగా రెండు నెలలు మొదటి పడవకి దిగాకే, బంతి పూల కోతకి వెళ్లే పిల్లలు బడికి రావడం మొదలైంది. తల్లుల్ని నేను అడగలేదు, వాళ్లే పంపారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకి బంగారం లాంటి కాలం. ఏరు నెమ్మదిస్తుంది, ఎండ ఉండదు. కానీ లంక భూముల్లో కూరగాయలు, పూలు, పొగాకు పనులు కూడా అప్పుడే. సంక్రాంతికి ముందు పెద్ద పిల్లలు జారిపోతారు. ఆ రోజుల్లో నేను ఉదయం ఎనిమిదింటికే బడి తలుపు తీసి ఉంచేవాణ్ణి, పనికి వెళ్లే ముందు గంటసేపైనా కూర్చుంటారని. మార్చి వచ్చాక ఇసుక తిన్నెలు బయటపడతాయి, పడవ సగం దూరమే వస్తుంది, మిగతా ఇసుకలో నడక. నీళ్ల సీసా, గొడుగు మర్చిపోవద్దు.

కాగితాల పని గురించి తక్కువ చెబుతాను, మండలంలో అందరూ చెప్పేస్తారు కాబట్టి. ఫోనులో వేసే ముఖ హాజరుకి సిగ్నల్ అందే చోటు ఎక్కడో మొదటి రోజే కనుక్కోండి. అందని రోజు వెంటనే మండల విద్యాశాఖాధికారికి సందేశం పెట్టి దాచుకోండి. మధ్యాహ్న భోజనానికి బియ్యం, గుడ్లు, గ్యాస్ బండ జులై ముందే ఒక నెలకి సరిపడా లంకలో ఉండాలి. ఇప్పుడు ఆ పథకానికి పేరు పెట్టిన డొక్కా సీతమ్మ గారు ఈ లంకల గన్నవరంలోనే వచ్చినవాళ్లకి వచ్చినట్టు అన్నం పెట్టారు. ఆవిడ ఊరి పక్క బడిలో వరద పేరు చెప్పి పొయ్యి ఆరకూడదని నాకు గట్టిగా ఉండేది.

ఒక్క విషయంలో మాత్రం నా తప్పు చెప్పాలి. 2006 ఆగస్టు వరదలో బీరువా పైఅరలో పెడితే చాలనుకుని రిజిస్టర్లు వదిలి వచ్చేశాను. నీళ్లు దిగాక వెళ్తే ప్రవేశ రిజిస్టరు ముద్దయి ఉంది. ఆరబెట్టి, ఒక్కో పేజీ ఊడదీసి, పట్టుకున్నంత రాసుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఒక కుర్రాడి పుట్టిన తేదీ తేలక, పదో తరగతి పరీక్ష ముందు వాళ్ల నాన్న కూలి మానుకుని ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధే. ప్రవేశ రిజిస్టరు ప్రతి పేజీ జూన్‌లోనే ఫోటో తీసి ఉంచండి. అసలుది మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి, వరద వస్తుందంటే మీతో తెచ్చేసుకోండి.

మీరు అడగలేదు గానీ అన్నిటికంటే నన్ను ఎక్కువ వేధించింది ఐదో తరగతి తర్వాతి సంగతి. లంకలో ఐదు దాకా ఉంటుంది. ఆరు నుంచి ఏటి అవతల. మగపిల్లల్ని పంపుతారు. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి, సాయంత్రం పడవ ఆలస్యమైతే ఎలా అని ఆగిపోతారు. ఆ భయాన్ని తప్పు పట్టలేం. నా మొదటి లంకలో బాగా చదివే పాప ఇలాగే ఆగిపోయింది. నేను జూన్‌లో వెళ్లి అడిగాను. అప్పటికే నిర్ణయం అయిపోయింది, వాళ్ల పిన్నిగారి ఊరు పంపేశారు. జూన్‌లో కాదు, జనవరిలో అడగాలని అప్పుడు తెలిసింది.

అందుకే తేదీలు ముందే రాసిపెట్టుకోండి. అంబేద్కర్ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో, అంటే నాలుగులో ఉండగానే పరీక్ష రాయించాలి. చాలామంది టీచర్లు ఇది మర్చిపోయి ఐదులో వెతుకుతారు. నవోదయ ప్రవేశం ఆరులో, పరీక్ష ఐదు చదువుతుండగా. మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాకి నవోదయ పెద్దాపురంలో ఉంది, మీకు దారిలోదే. ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయం ఆరు నుంచి. హాస్టల్‌కి పంపని ఇళ్లకి వేరే దారి: అదే రేవు దాటే పిల్లలందరినీ ఒక జట్టుగా చేసి, ఒక తల్లి తోడుగా, ఒకే పడవకి వెళ్లొచ్చేలా సరంగుతో మాట్లాడటం. రెండో లంకలో ఇలా ఏడుగురు ఆడపిల్లలు హైస్కూలుకి వెళ్లారు. దూరం నుంచి వచ్చే పిల్లలకి సమగ్ర శిక్ష పథకం కింద రవాణా భత్యం ఉంది, దరఖాస్తు పెట్టించండి.

అన్నీ మీ చేతుల్లో ఉండవని కూడా చెప్పాలి. వంతెన మీరు కట్టలేరు. ఏటి కోతకి లంక అంచు కరిగిపోతుంటే ఆపలేరు. ఇంకా పెద్ద సమస్య, మీకు జ్వరమొస్తే బడికి తాళమే. పక్క ఊరి టీచరుని సర్దుబాటు చేస్తామంటారు, ఏరు దాటి ఎవరూ రారు. పిల్లల సంఖ్య ఎంతైనా సరే, ఏరు అడ్డున్న ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. సంఖ్యతో లెక్కగట్టే నిబంధన గట్టు మీది బడికి సరిపోతుందేమో, లంకకి సరిపోదు. యూనియన్ సమావేశాల్లో ప్రతి ఏడాదీ అడిగాను, మీరూ అడగండి. నాగాయలంక దగ్గర ఎదురుమొండిలో, పులికాట్‌లోని ఇరకం దీవిలో పనిచేసిన మిత్రులదీ ఇదే మాట. వాళ్లకి వరద కంటే తుపాను గాలి బెడద, తాళం కథ మాత్రం ఒకటే.

ఆ రెండో టీచరు వచ్చేదాకా, ఇంటర్ చదివిన స్థానిక అమ్మాయి ఎవరైనా ఉంటే పరిచయం చేసుకోండి. మీరు రాని రోజు ఆ మూడు చాపలూ పరిచి కథ చదివించగలిగితే చాలు. నాకు అలా ఒకామె మూడేళ్లు సాయం చేసింది. ఇప్పుడామె డీఎస్సీకి చదువుతోంది.

చేరే ముందు ఒక పని చేయండి. పని దినం చూసుకుని ఉదయం ఏడున్నరకి ఆ రేవుకి వెళ్లండి. పడవ ఎక్కకపోయినా ఫర్వాలేదు, గట్టు మీద ఒక గంట కూర్చోండి. ఎన్ని పడవలు, ఏ టైముకి, ఎవరెవరు దాటుతున్నారో చూడండి. సరంగు నంబరు, వంట చేసే ఆమె నంబరు తీసుకోండి. సాయంత్రం చివరి పడవ ఎన్నింటికో, నిరుడు వరదకి నీళ్లు బడి ఎన్నో మెట్టు దాకా వచ్చాయో వాళ్లనే అడగండి. మీ రేవు పేరు ఇక్కడ రాస్తే, అటువైపు పనిచేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లుంటే కనుక్కుని చెబుతాను.